తెర మీద సెలెక్టర్ స్విచ్: పంపు ఎవరి మాట వినాలి?

తమ్ముడూ, అన్నా అని పిలిచి అడిగావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు రెండు ముక్కల్లో చెప్తా, వేరేవాళ్లు చదివినా తలాతోకా తెలుస్తుంది.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. పాత స్టార్టర్ ప్యానెల్‌లో ప్రతి మోటారుకీ మ్యాన్యువల్-ఆఫ్-ఆటో సెలెక్టర్, అంటే మూడు స్థానాల నాబ్ ఉంది: మనిషి నడపాలా, ఆగి ఉండాలా, ప్రోగ్రామే నడపాలా అని. ఈ ఏడు ఓనరు "అన్నీ కంప్యూటర్ నుంచే జరగాలి" అన్నాడు. నువ్వు కంట్రోల్ రూమ్ స్కాడాలోనూ (ప్లాంటంతా చూపించే కంప్యూటర్), ప్యానెల్ తలుపు మీది చిన్న హెచ్‌ఎంఐలోనూ (టచ్ తెర) అవే స్విచ్‌లు బొమ్మ గీసి, టాగుల్ బటన్లుగా (నొక్కిన ప్రతిసారీ తిరగబడేవి) పెట్టావు. ఇప్పుడు మూడు తలనొప్పులు. స్కాడాలో ఆటో అని ఉంటే హెచ్‌ఎంఐలో మ్యాన్యువల్ అని కనిపిస్తోంది. కరెంటు పోయి జనరేటర్ రాగానే రెండు మోటార్లు ఎవరూ నొక్కకుండానే తిరిగాయి. ఆటో నుంచి మ్యాన్యువల్‌కి మార్చగానే స్టెరిలైజర్ ఫీడ్ పంపు ఠక్కున ఆగిపోయి లైన్ మొత్తం ట్రిప్ అవుతోంది.

మిగతా రెండింటి సంగతి తరవాత చెప్తా, ముందు మొదటిదాని మూలం. నీ ప్రోగ్రామ్‌లో స్విచ్ స్థానానికి ఓనరు లేడు. స్కాడా రాస్తోంది, హెచ్‌ఎంఐ రాస్తోంది, మధ్యలో పీఎల్‌సీ (మోటార్లని నడిపే కంట్రోలర్) కూడా రాస్తోంది. ముగ్గురు పెద్దమనుషులు ఒకేసారి తీర్పు చెప్పే పంచాయితీ అది.

ప్యానెల్ మీద నాబ్ సంగతి వేరు. తిప్పిన చోటే నిలబడుతుంది. కరెంటు పోయినా, పీఎల్‌సీ పోయినా దాని స్థానం మారదు. కంటికి కనిపించేదీ తీగలో పోయేదీ ఒకటే. తెర మీద గీసిన స్విచ్‌కి ఈ గుణాల్లో ఒక్కటీ లేదు, అది ఉత్త బొమ్మ. అందుకే నేను కొత్త పిల్లలకి ఎప్పుడూ ఒకటే చెప్తా: తెర మీద ఉన్నది స్విచ్ అనుకోవద్దు, అర్జీ అనుకో. ఆపరేటర్ అర్జీ పెట్టుకుంటాడు. పీఎల్‌సీ చూసి మంజూరు చేస్తుంది, లేదా కారణం రాసి తిప్పి పంపుతుంది. తెర మీద కనపడాల్సింది మంజూరైన ఆర్డరే, పెట్టుకున్న అర్జీ కాదు.

దీన్ని ట్యాగుల్లోకి (పేరు పెట్టిన మెమరీ గదులు) దింపితే ఇలా ఉంటుంది. ప్రతి మోటారుకీ రెండు ఇంటిజర్ (పూర్ణాంకం) ట్యాగులు పెట్టు. ఒకటి కమాండ్, దాన్ని స్కాడా, హెచ్‌ఎంఐ రాయొచ్చు. రెండోది మోడ్, దాన్ని పీఎల్‌సీ తప్ప ఎవరూ రాయకూడదు. మాట మీద వదిలేయకుండా స్కాడాలో ఆ ట్యాగుని రీడ్ ఓన్లీ చేసి పెట్టు, రేపు నీ తరవాత వచ్చేవాడు కూడా రాయలేడు. 1 అంటే ఆఫ్, 2 అంటే మ్యాన్యువల్, 3 అంటే ఆటో. 0 ని కావాలనే ఖాళీగా వదిలాను. కమాండ్‌లో 0 ఉంటే ఎవరూ ఏమీ అడగలేదని అర్థం. మోడ్‌లో 0 ఉంటే ఇంకా ఎవరూ సెట్ చేయలేదని అర్థం, మోటారు కదలకూడదు, తెర మీద ప్రశ్న గుర్తు కనపడాలి. చాలామంది ఆఫ్‌కి 0 ఇచ్చేస్తారు. అప్పుడు ఆపరేటర్ ఆఫ్ చేసిన 0కీ, కొత్త ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేశాక వచ్చిన ఖాళీ 0కీ తేడా తెలియదు.

దానికి బదులు మోడ్‌కొకటి చొప్పున మూడు బిట్లు (0 లేదా 1 మాత్రమే పట్టేవి) పెట్టుకుంటే ఏం పోయింది అంటావేమో. పెట్టుకోవచ్చు. కానీ మ్యాన్యువల్ బిట్, ఆటో బిట్ రెండూ ఒకేసారి 1 అయ్యే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, అది కూడా అర్ధరాత్రే వస్తుంది. ఒక ఇంటిజర్‌లో 2, 3 కలిసి కూర్చోలేవు. ఆ గొడవ పుట్టకముందే పోతుంది.

పీఎల్‌సీలో పని చిన్నదే. కమాండ్‌లో 3 వచ్చిందా? ఓవర్‌లోడ్ రిలే (భారం ఎక్కువైతే మోటారుని ఆపేది) ట్రిప్ అవ్వలేదు కదా, ఫీల్డ్‌లో లోకల్‌లో (మోటారు దగ్గరున్న మనిషి చేతిలో) పెట్టలేదు కదా, చూడు. అన్నీ సరిగ్గా ఉంటే మోడ్‌లో 3 వెయ్యి. లేకపోతే మోడ్‌ని ముట్టుకోకుండా, ఎందుకు కుదరలేదో ఒక నంబర్ వేరే ట్యాగ్‌లో వెయ్యి. రెండింట్లో ఏది జరిగినా చివర్లో కమాండ్‌ని 0 చేసెయ్. ఆ కారణం నంబర్‌కి తెర మీద మాటలు కట్టు: "ఆటోకి పోలేదు, బ్యాలెన్స్ ట్యాంక్‌లో లెవెల్ తక్కువ" అని. ఈ ఒక్క లైన్ లేకపోతే ఆపరేటర్ అదే బటన్ పది సార్లు నొక్కుతాడు, పదకొండోసారి నీకు ఫోన్ చేస్తాడు. ఆఫ్‌కి మాత్రం ఏ షరతూ పెట్టొద్దు. ఆపమంటే ఆగాలి.

ఇక నీ టాగుల్ బటన్ సంగతి. తెరలు గీసే సీమెన్స్ విన్‌సీసీ సాఫ్ట్‌వేర్‌లో ఇన్వర్ట్ బిట్ అనే ఫంక్షన్ వాడి ఉంటావు. అది "ఆటో పెట్టు" అని చెప్పదు, "ఉన్నదాన్ని తిరగెయ్" అని చెప్తుంది. కమ్యూనికేషన్ ఒక క్షణం నిదానంగా ఉంటే ఆపరేటర్ మళ్లీ నొక్కుతాడు, తిరగేసింది మళ్లీ తిరగబడుతుంది. రెండు తెరల నుంచి ఇద్దరు నొక్కితే చెప్పక్కర్లేదు. 'ఆటో పెట్టు' అనే అర్జీ అయితే పది సార్లు నొక్కినా ఫలితం ఒకటే.

దానికంటే ప్రమాదమైంది నొక్కి ఉంచినంతసేపే బిట్ 1 ఉంచే ఫంక్షన్. నొక్కి ఉండగా ఈథర్‌నెట్ కేబుల్ ఊడితే, వేలు తీశాక 0 రాయడానికి దారి ఉండదు. బిట్ 1 లోనే ఇరుక్కుంటుంది. జాగింగ్‌కి (మోటారుని కొంచెం కొంచెంగా కదపడానికి) దీన్ని వాడినవాళ్లని చూశాను, చూసిన ప్రతిసారీ నాకు టెన్షనే. ఇంకో చిక్కు: ఒక వర్డ్‌లో (పదహారు బిట్ల కట్ట) పదహారు మోటార్ల బిట్లు సర్ది, హెచ్‌ఎంఐ నుంచి ఒక్క బిట్ మార్చడం. సెట్ బిట్ ఇన్ ట్యాగ్ లాంటి ఫంక్షన్ ముందు వర్డ్ మొత్తం చదువుకుంటుంది, ఒక బిట్ మార్చుకుని వర్డ్ మొత్తం తిరిగి రాస్తుంది. ఆ చదివిన క్షణానికీ రాసిన క్షణానికీ మధ్య పీఎల్‌సీ ఇంకో బిట్ మార్చి ఉంటే ఆ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. "ఎప్పుడో ఒకసారి పక్క మోటారు మోడ్ దానంతటదే మారుతోంది" అనే ఫిర్యాదు వస్తే ముందు ఇక్కడే వెతుకు.

ఇగ్నిషన్ అనే స్కాడా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఈ అర్జీ పద్ధతి తయారుగానే ఉంది. అందులో మల్టీ స్టేట్ బటన్‌కి కంట్రోల్ వాల్యూ, ఇండికేటర్ వాల్యూ అని రెండు ఉంటాయి. మొదటిదానికి కమాండ్, రెండోదానికి మోడ్ ట్యాగ్ కట్టాలి. చాలామంది రెండింటికీ ఒకే ట్యాగ్ కట్టేసి, కుదిరింది కదా అనుకుంటారు.

ఇప్పుడు కరెంటు సంగతి. ఇది కొంచెం పొడుగ్గా చెప్తా, ఎందుకంటే ఇందులో నా తప్పు ఒకటుంది.

పదిహేనేళ్ల కిందట చిత్తూరు చుట్టుపక్కల ఒక గుజ్జు ఫ్యాక్టరీలో ప్రోగ్రామ్ రాశాను. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్ పీఎల్‌సీ. తోతాపురి సీజన్ మంచి పట్టులో ఉంది, గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా. రోజుకి పదిసార్లు కరెంటు పోతుంది, పోయినప్పుడల్లా ఆపరేటర్లు మోటార్లన్నీ మళ్లీ ఒక్కొక్కటీ స్టార్ట్ చేసుకోవాలి. మేనేజర్ "కరెంటు వస్తే ఆగిన కాడి నుంచే నడవాల" అన్నాడు. నాకూ అది తెలివైన పనిలాగే అనిపించింది. ఆ పీఎల్‌సీలో ఎం500 నుంచి ఉండే బిట్లు కరెంటు పోయినా విలువ మరిచిపోవు. సార్టింగ్ కన్వేయర్ రన్ లాచ్‌ని (ఒకసారి స్టార్ట్ నొక్కితే 'నడుస్తూ ఉండు' అని పట్టుకుని ఉండే బిట్) తీసుకుపోయి ఎం512లో పెట్టాను.

రాత్రి రెండు గంటలు. వాన. కరెంటు పోయింది. కన్వేయర్ ఆగింది, లైట్లు ఆరాయి. రోలర్ల సందులో ఇరుక్కున్న కాయని తీద్దామని ఒక పెద్దాయన సెల్‌ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని వంగాడు. నిమిషం లోపే జనరేటర్ అందుకుంది. రోలర్లు తిరిగాయి. ఆయన చెయ్యి లాక్కున్నాడు, భుజం మీది తువ్వాలు మాత్రం లోపలికి పోయింది. దేవుడి దయ, మెడకి చుట్టుకోలేదు. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేనేం ముట్టుకోలేదు సామీ, అదే తిరుక్కునింది" అన్నాడు. తప్పు తనదేమో అని భయం ఆయనకి. ఎం512లో ఆ బిట్ పెట్టిన నేను అక్కడే ఉన్నాను, నోట మాట రాలేదు.

ఆ తువ్వాలు రెండు రోలర్ల మధ్య నుంచి లాగి తీస్తే నలిగి తాడులా వచ్చింది. తెల్లారేలోపు ఆ బిట్‌ని మామూలు బిట్ల వరసలోకి మార్చాను. మేనేజర్ మళ్లీ అడిగితే ఈ తువ్వాలే చూపించమని షిఫ్ట్ ఇంజనీర్‌కి ఇచ్చి వచ్చాను.

అప్పటి నుంచీ నాది ఒకటే పద్ధతి. మోడ్ గుర్తుండాలి, రన్ గుర్తుండకూడదు. అంటే కరెంటు వచ్చాక ఏ మోటారు ఆటోలో ఉంది, ఏది మ్యాన్యువల్‌లో ఉంది అనేది అలాగే ఉండాలి, లేకపోతే నలభై మోటార్లకి మళ్లీ మోడ్‌లు పెట్టుకోవాలి. కానీ నడుస్తున్నాననే సంగతి మాత్రం పీఎల్‌సీ మరిచిపోవాలి. మళ్లీ నడవాలంటే మనిషి వచ్చి సిస్టమ్ స్టార్ట్ నొక్కాలి. యంత్రాల విద్యుత్ భద్రత మీద ఉన్న ఐఈసీ 60204-1 ప్రమాణం చెప్పేదీ ఇదే: కరెంటు తిరిగి రావడం వల్ల ప్రమాదం ఉన్నచోట యంత్రం తనంతట తాను మొదలవకూడదు. చల్లటి గది కంప్రెసర్‌కో, కూలింగ్ టవర్ పంపుకో తనంతట తాను లేవడం కావాలంటే, దానికి విడిగా ఒక సెట్టింగ్ పెట్టు, ముందు హూటర్ మోగించి ఆ తరవాత లేపు. అందరికీ కలిపి ఒకే స్విచ్‌తో ఆటో రీస్టార్ట్ పెట్టొద్దు.

ఏ బ్రాండ్‌లో ఏది గుర్తుంటుందో తెలుసుకోకుండా రాస్తే ఇదే గతి. సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీలో డేటా బ్లాక్ ట్యాగులకి నువ్వు రిటెయిన్ టిక్ పెడితేనే గుర్తుంటాయి. అలెన్ బ్రాడ్లీ లాజిక్స్ పీఎల్‌సీలో తిరగబడింది: ట్యాగులు విలువ పట్టుకునే ఉంటాయి. ప్రీస్కాన్‌లో (ప్రోగ్రామ్ నడవబోయే ముందు వేసే ఒక చుట్టు) మామూలు ఔట్‌పుట్ కాయిల్‌తో రాసిన బిట్ 0 అవుతుంది, కానీ లాచ్ కాయిల్‌తో పెట్టిన బిట్ 1గానే ఉండిపోతుంది. అదే లాడర్‌ని (నిచ్చెన బొమ్మలా రాసే పీఎల్‌సీ ప్రోగ్రామ్) ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అలాగే దింపితే ఆపరేటర్ దగ్గర అది వేరే యంత్రం. అందుకే నేను దేన్నీ నమ్మకుండా ఫస్ట్ స్కాన్‌లో (పీఎల్‌సీ లేచాక ప్రోగ్రామ్ మొదటి చుట్టు) అన్ని రన్ లాచ్‌లనీ, అన్ని కమాండ్ ట్యాగులనీ తుడిచేస్తాను. ఎఫ్‌ఎక్స్‌లో దానికి ఎం8002 ఉంది, లాజిక్స్‌లో ఫస్ట్ స్కాన్ బిట్ ఉంది, ఎస్7-1200లో సిస్టమ్ మెమరీ బైట్ ఆన్ చేస్తే దొరుకుతుంది. కమాండ్ ట్యాగులు తుడవడం మరిచిపోవద్దు, పాత అర్జీ ఒకటి అందులో ఉండిపోతే లేవగానే మంజూరైపోతుంది.

కానీ ప్యానెల్ మీద నాబ్‌ని ఫస్ట్ స్కాన్ తుడవలేదు, అది చూసుకో. అది ఆటోలోనే నిలబడి ఉంటుంది. కరెంటు రాగానే పీఎల్‌సీకి "ఆటో" అనే ఇన్‌పుట్ మొదటి స్కాన్ నుంచే వస్తుంది. అందుకే నాబ్ ఆటోలో ఉండటం నడవడానికి అనుమతి మాత్రమే కావాలి, ఆజ్ఞ కాకూడదు. ఆ 60204-1 లోనే ఇంకో మాట ఉంది: మోడ్ ఎంచుకున్నంత మాత్రాన యంత్రం కదలకూడదు, స్టార్ట్ విడిగా ఇవ్వాలి. ఈ ఒక్కటి పాటిస్తే నీ రెండో సమస్యలో సగం పోతుంది.

మూడోది, స్టెరిలైజర్ పంపు ఆగడం. ఇది అందరూ చేసే తప్పే. నీ లాడర్‌లో ఆటోకి ఒక రంగ్ (నిచ్చెన మెట్టు, అంటే ప్రోగ్రామ్‌లో ఒక లైను), మ్యాన్యువల్‌కి ఒక రంగ్ ఉండి ఉంటాయి. ఆటోలో నడుస్తున్నప్పుడు మ్యాన్యువల్ రన్ లాచ్ 0లోనే పడుకుని ఉంటుంది. మోడ్ మారిన స్కాన్‌లో ఆటో రంగ్ తెగిపోయింది, మ్యాన్యువల్ రంగ్‌లో ఎవరూ స్టార్ట్ నొక్కలేదు. పంపు ఆగింది. గుజ్జు స్టెరిలైజర్ గొట్టాల్లో ఆగితే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. గోడకి పట్టి మాడుతుంది, హోల్డింగ్ ట్యూబ్‌లో వేడి పడిపోతుంది, డైవర్షన్ వాల్వ్ గుజ్జుని పక్క దారికి తిప్పేస్తుంది, మళ్లీ శుభ్రం చేసి స్టెరిలైజ్ చేసేదాకా డ్రమ్ము నిండదు.

మందు చిన్నదే. ఆటోలో ఉన్నంతసేపూ, ప్రతి స్కాన్‌లో, పంపు నడుస్తోందా లేదా అనేదాన్ని మ్యాన్యువల్ లాచ్‌లోకి కాపీ చేస్తూ ఉండు. మోడ్ మారిన క్షణంలో మ్యాన్యువల్ లాచ్‌కి అప్పటికే నిజం తెలిసి ఉంటుంది. నడుస్తుంటే నడుస్తూనే ఉంటుంది, ఆగి ఉంటే ఆగే ఉంటుంది. వీఎఫ్‌డీ (మోటారు స్పీడ్ మార్చే పరికరం) ఉంటే స్పీడ్‌కి కూడా ఇదే, ఆటో స్పీడ్‌ని మ్యాన్యువల్ స్పీడ్ ట్యాగ్‌లోకి కాపీ చేస్తూ ఉండు. స్టీమ్ వాల్వ్ పీఐడీకి (టెంపరేచర్ చూస్తూ వాల్వ్‌ని తనే సర్దే బ్లాక్) ఇంకో అడుగు: మ్యాన్యువల్‌లో ఆపరేటర్ వాల్వ్ ఎంత తెరిచాడో ఆ విలువ నుంచే పీఐడీ ఆటోలో మొదలవ్వాలి, కావాలంటే సెట్ పాయింట్ (మనం కోరే టెంపరేచర్) కూడా అసలు టెంపరేచర్‌ని అనుసరిస్తూ ఉండాలి. చాలా పీఐడీ బ్లాకుల్లో ఇది ఉంటుంది, బంప్‌లెస్ ట్రాన్స్‌ఫర్ అంటారు, ఆన్ చేసి ఉందో లేదో చూసుకో. స్టెరిలైజర్ మీద మాత్రం సెట్ పాయింట్‌ని టెంపరేచర్ వెంట పోనివ్వను. మ్యాన్యువల్‌లో వేడి తగ్గిపోయి ఉంటే సెట్ పాయింట్ కూడా తగ్గిపోయి, ఆటోకి రాగానే తక్కువ వేడికే స్థిరపడుతుంది. అక్కడ సెట్ పాయింట్ రెసిపీలోదే ఉండాలి.

మ్యాన్యువల్ నుంచి ఆటోకి పోయేటప్పుడు మాత్రం ఆలోచించు. అక్కడ సీక్వెన్స్ ఏ అడుగులో ఉందో దాన్నిబట్టి పంపు ఆగొచ్చు కూడా. అది తప్పు కాదు, కానీ ఆపరేటర్‌కి ముందే తెలియాలి: "ఆటోకి పెడితే ఈ పంపు ఆగుతుంది, పెట్టాలా?" అని ఒక్క ప్రశ్న. ఆఫ్ నుంచి ఎటు తిప్పినా ఆగే ఉండాలి, దాంట్లో బేరం లేదు.

ప్యానెల్ నాబ్ వైరింగ్ గురించి కూడా అడిగావు. మూడు పొజిషన్ల సెలెక్టర్‌కి సాధారణంగా రెండు ఎన్‌ఓ ఎలిమెంట్లు (తిప్పితేనే మూసుకునే కాంటాక్టులు) ఉంటాయి. ఎడమకి తిప్పితే ఒకటి మూసుకుంటుంది, కుడికి తిప్పితే ఇంకోటి, మధ్యలో రెండూ తెరిచి ఉంటాయి. పీఎల్‌సీకి వచ్చేవి రెండు ఇన్‌పుట్లు. ఒకటి 1 అయితే మ్యాన్యువల్, రెండోది 1 అయితే ఆటో, రెండూ 0 అయితే ఆఫ్. తీగ తెగినా ఆఫ్ అవుతుంది, అది మంచిదే. రెండూ 1 అయితే అలాంటి స్థానం లోకంలో లేదు, కాబట్టి దాన్ని ఫాల్ట్‌గా పట్టుకుని మోటారు ఆపు. ఎలిమెంట్ ఏ పక్కన బిగించారో దాన్నిబట్టి ఎడమ కుడి మారిపోతాయి, డ్రాయింగ్‌ని నమ్మకుండా మల్టీమీటర్ పెట్టి తిప్పి చూడు. మ్యాన్యువల్ నుంచి ఆటోకి తిప్పేటప్పుడు నాబ్ మధ్యలో ఆఫ్ మీదుగా పోతుంది, ఆ చిన్న క్షణంలో పంపు ఆగిపోకూడదంటే ఆఫ్‌కి అర సెకను ఆలస్యం పెట్టు. అరసెకను ఆలస్యమైతే ప్రమాదం కాదా అని అడిగితే, ప్రమాదంలో నొక్కేది ఎమర్జెన్సీ స్టాప్, అది ఈ సాఫ్ట్‌వేర్ దారిలో ఉండకూడదు. కాంటాక్టర్ (మోటారుకి కరెంటు వదిలే పెద్ద స్విచ్) కాయిల్‌ని నేరుగా తెంచే వైరింగ్‌లో ఉండాలి, ఏ మోడ్‌లో ఉన్నా పనిచేయాలి.

పాత ప్యానెల్ అన్నావు కదా, ఒకటి తప్పకుండా చూడు. పాతవాటిలో మ్యాన్యువల్ అంటే పీఎల్‌సీని పక్కన పెట్టి నాబ్ నుంచి కాంటాక్టర్‌కి నేరుగా పోయే తీగ. అలా ఉంటే నీ పీఎల్‌సీలో రాసిన ఇంటర్‌లాక్‌లు (రక్షణ షరతులు) మ్యాన్యువల్‌లో పనిచేయవు, ట్యాంక్ ఖాళీ అయినా పంపు పొడిగా తిరుగుతుంది. అలాంటి మోటారుకి తెర మీద మ్యాన్యువల్ బటనే పెట్టొద్దు. నాబ్ ఆటోలో ఉన్నప్పుడే తెరకి అధికారం, లేదంటే ఆ మోటారు బొమ్మ మీద "ప్యానెల్ చేతిలో ఉంది" అని చూపించి బటన్లు బూడిద రంగు చేసెయ్.

అసలు ఇక్కడే ఒక గందరగోళం ఉంది, మన వైపు ఆపరేటర్లు లోకల్‌ని కూడా మ్యాన్యువల్ అనే అంటారు. లోకల్-రిమోట్ అంటే ఎవరు నడుపుతున్నారు అని: మోటారు దగ్గరున్న మనిషా, కంట్రోల్ రూమా. మ్యాన్యువల్-ఆటో అంటే ఎలా నడుస్తోంది అని: మనిషి నిర్ణయమా, సీక్వెన్స్ నిర్ణయమా. కంట్రోల్ రూమ్ నుంచి మ్యాన్యువల్‌లో నడపొచ్చు కదా. రెండు ప్రశ్నలకీ ఒకే స్విచ్ పెడితే ఏదో ఒకటి అబద్ధం చెప్తుంది. లోకల్-రిమోట్ స్విచ్ మోటారు పక్కనే, నిజమైన నాబ్‌గానే ఉండాలి, తెర నుంచి దాన్ని ఎవరూ దాటకూడదు. మోటారు దగ్గర చెయ్యి పెట్టి ఉన్నవాడి మాటే ఆఖరి మాట. అయినా సరే, రిపేర్‌కి దిగేవాడికి ఆఫ్ స్థానం చాలదు. ఐసొలేటర్ (మోటారుకి కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) దించి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి.

బొమ్మ ఎలా గీయాలనేదానికి ఎక్కువ రాయను. తిరిగే నాబ్ బొమ్మ వద్దు. గుజ్జు అంటిన వేలితో దాన్ని ఎక్కడ ముట్టుకోవాలో ఎవరికీ తెలియదు. మూడు విడి బటన్లు పెట్టు, ఇప్పుడున్న మోడ్ బటన్ నొక్కి ఉన్నట్టు కనపడాలి, అర్జీ పెట్టి ఇంకా మంజూరు కానిది మిణుకుమిణుకుమనాలి. ఆకుపచ్చ ఎరుపుల మీదే ఆధారపడకుండా పక్కన అక్షరం కూడా ఉండాలి. హెచ్‌ఎంఐ రూపకల్పన మీద 2015లో వచ్చిన ఐఎస్‌ఏ-101 ప్రమాణమూ రంగు ఒక్కటే చాలదనే అంటుంది. ఒకచోట నేను చేత్తో, ఆపు, ఆటో అని తెలుగులో పెట్టాను. ఆ హెచ్‌ఎంఐలో ఒత్తులు విడిపోయి పక్కకి పోయి కూర్చున్నాయి, చివరికి అక్షరాలని బొమ్మగా చేసి అతికించాల్సి వచ్చింది. కష్టమే, కానీ ఆ తరవాత "ఏదో మ్యాన్ అని ఉండాది సార్, నొక్కచ్చా?" అనే ఫోన్లు రాలేదు. ఆటోలో లేని ప్రతి మోటారుకీ అలారం మాత్రం పెట్టొద్దు. సీజన్‌లో సగం మోటార్లు మ్యాన్యువల్‌లోనే ఉంటాయి, అలారం పేజీ ఎవరూ చూడరు. షిఫ్ట్ మారేటప్పుడు ఏవి ఆటోలో లేవో ఒక జాబితా కనపడితే చాలు. మోడ్ ఎవరు, ఎప్పుడు, ఏ తెర నుంచి మార్చారో ఈవెంట్ లాగ్‌లో పడనివ్వు. నిందలు వెయ్యడానికి కాదు, మర్నాడు కారణం వెతకడానికి.

ఇప్పుడు సీజన్ మధ్యలో ఉన్నావు, ఇవన్నీ ఈ వారమే చెయ్యకు. ముందు ప్రోగ్రామ్ బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకో, పీఎల్‌సీలో ఉన్నదీ నీ లాప్‌టాప్‌లో ఉన్నదీ ఒకటేనా అని కంపేర్ చెయ్యి. ఈ రాత్రికి చెయ్యాల్సింది ఒకటే: రన్ లాచ్‌లు కరెంటు పోతే తుడుచుకుపోయేట్టు చేసి, సిస్టమ్ స్టార్ట్ నొక్కితే తప్ప ఏదీ లేవకుండా చెయ్యి. ఇది గుజ్జు కోసం కాదు, మనుషుల కోసం, కాబట్టి వాయిదా లేదు. తరవాత సీఐపీకి (గొట్టాలు విప్పకుండా లోపల కడగడం) ఆపినప్పుడు స్టెరిలైజర్ పంపుకి ఆ కాపీ చేసే రంగ్ పెట్టు, నీళ్లు తిప్పుతూ మ్యాన్యువల్-ఆటో నాలుగుసార్లు మార్చి చూడు. టాగుల్‌లు తీసేసి కమాండ్-మోడ్ పద్ధతికి మారడం మాత్రం తోతాపురి అయిపోయాక, ఆగస్టు తరవాత పెట్టుకో. అప్పటిదాకా హెచ్‌ఎంఐ నుంచి మోడ్ మార్చే బటన్లు దాచెయ్, స్కాడా ఒక్కటే రాస్తుంది. మోడ్‌లు సరిపోలక కొట్టుకోవడం ఆ మేరకి ఆగుతుంది.

ఆగస్టులో టెస్ట్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ రాసినవాడివి నువ్వే కాబట్టి నువ్వు టెస్ట్ చెయ్యకు, ఒక ఆపరేటర్‌ని కూర్చోబెట్టు. నాబ్ నుంచి వచ్చే తీగ ఊడబెరుకు. రెండు ఇన్‌పుట్లకీ 24 వోల్టులు ఒకేసారి ఇవ్వు. బటన్ నొక్కి ఉండగా కేబుల్ లాగెయ్. రెండు తెరల దగ్గర ఇద్దర్ని నిలబెట్టి ఒకేసారి వేర్వేరు మోడ్‌లు నొక్కించు. పీఎల్‌సీని స్టాప్‌లో పెట్టి మళ్లీ రన్‌లో పెట్టు. మోటార్లు నడుస్తుండగా మెయిన్ దించి, జనరేటర్ వచ్చేదాకా ఆగి, కన్వేయర్ దగ్గర ఎవరూ లేకుండా చూసుకుని గమనించు.

నీ పీఎల్‌సీ ఏ మోడల్, ఆ నాబ్‌కి ఎన్ని ఎలిమెంట్లు ఉన్నాయి, మ్యాన్యువల్ తీగ నేరుగా కాంటాక్టర్‌కి పోతోందా పీఎల్‌సీకి వస్తోందా, ఈ మూడూ చూసి రాయి. స్టార్టర్ డ్రాయింగ్ ఫొటో తీసి పెడితే ఇంకా మంచిది. లాడర్ ఎలా ఉండాలో అప్పుడు రంగ్ రంగ్ చెప్తా.